హోరు తగ్గిన రాత్రి

"ఎలాంటి శబ్దమండీ? ఈల వేసినట్టా, గంట మోగినట్టా, కీచురాయి అరిచినట్టా?" అని అడిగారు చెవుల డాక్టరు గారు.

2022 జూన్ నెలాఖరు సంగతి. ఎడమ చెవిలో ఆ శబ్దం మొదలై అప్పటికి రెండు నెలలు. నేనైతే పట్టించుకునేవాణ్ణి కాదు గానీ, చెవిలో హోరు కంటే ఇంట్లో పోరు ఎక్కువైపోయి, ఒక శనివారం పొద్దున్నే వెళ్ళి టోకెన్ తీసుకుని కూర్చున్నాను. ముందు ఒక చిన్న గదిలో తలుపేసి, హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. వినపడని వాటికి కూడా రెండు మూడుసార్లు నొక్కాననుకుంటాను, పరీక్ష అంటే మార్కులు రావాలి కదా మరి.

"హోరండీ" అన్నాను.

డాక్టరు గారు కుర్రాడే, ముప్పై అయిదు దాటి ఉండవు. కంప్యూటర్లో కొట్టబోతూ ఆగి, "హోరంటే... సముద్రంలాగానా?" అన్నారు.

"సముద్రం కాదండీ, గోదారి. అది కూడా గేట్లెత్తాక, రాత్రిపూట, ఓ మైలున్నర దూరం నుంచి వింటే ఎలా ఉంటుందో అలా."

ఆయన నవ్వేసి టిన్నిటస్ అని రాసుకున్నారు. జోకేశాననుకున్నట్టున్నారు. నిజానికి నా జన్మలో ఏ డాక్టరుకీ ఇంత కచ్చితంగా రోగం చెప్పి ఉండను. సముద్రపు హోరుకి ఊపిరి ఉంటుంది. అల వస్తుంది, విరుగుతుంది, వెనక్కి పోతుంది, మధ్యలో చిన్న సందు దొరుకుతుంది. ఏటి హోరుకి ఆ సందు లేదు. ఎక్కడ మొదలైందో చెప్పలేం, ఎప్పుడు అయిపోతుందో తెలీదు, చెవి ఒకటే వింటూ ఉంటుంది, కాసేపటికి వింటున్నాననే సంగతి కూడా మర్చిపోతుంది. నా చెవిలోది సరిగ్గా ఆ బాపతే.

మా ఊరు ధవళేశ్వరం దగ్గర. ఏటిగట్టుకి ఇవతల ఇల్లు, ఆనకట్టకి మైలున్నర దిగువన. పేరుకి కాటన్ బ్యారేజీ గానీ మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆనకట్ట అనే అంటారు. ధవళేశ్వరం, ర్యాలీ, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు, మొత్తం 175 గేట్లు. జులైలో ఎర్రనీళ్ళు దిగి గేట్లు ఎత్తడం మొదలెట్టారంటే మా ఇంట్లోకి హోరు వచ్చేసినట్టే, ఇక దసరా దాకా ఇంట్లో మనిషిలాగా మాతోనే ఉండేది. మా ఇంట్లో అందరం గట్టిగా మాట్లాడతాం. హైదరాబాదులో పక్క ఫ్లాటు వాళ్ళు మేం రోజూ దెబ్బలాడుకుంటామని చాలాకాలం నమ్మారు, ఇది హోరు పెంపకం అని వాళ్ళకి ఎలా చెప్పను!

వానాకాలం వచ్చిందనడానికి మాకు ఇంకో గుర్తు కూడా ఉండేది. వంటింటి కిటికీకి ఇనప గడియ ఉండేది, వదులుగా. గేట్లెత్తాక అది తనంతట తనే టిక్కుటిక్కుటిక్కుమని చిన్నగా కొట్టుకోవడం మొదలుపెట్టేది. గాలి లేకపోయినా సరే, పట్టుకుంటే ఆగేది, వదిలితే మళ్ళీ మొదలు. అమ్మ పాత క్యాలెండరు కాగితం చింపి నాలుగు మడతలు పెట్టి ఆ సందులో కుక్కేది. ప్రతి ఏడాదీ అదే తంతు. కాగితం తడిసి మెత్తబడి జారిపోయాక మళ్ళీ టిక్కుటిక్కు.

మా మామ్మ బడి మొహం చూసిన మనిషి కాదు గానీ మాటల దగ్గర మహా పట్టింపు మనిషి. ఒకసారి గట్టు మీంచి పరిగెత్తుకొచ్చి "మామ్మా, గోదారి మోత మోగిపోతోందే" అన్నాను. విస్తరాకులు కుట్టుకుంటున్నదల్లా ఆగి నా వైపు చూసింది.

"మోతేంట్రా, అదేమన్నా డప్పా? మోతంటే దెబ్బ మీద దెబ్బ పడాలి. దెబ్బకీ దెబ్బకీ మధ్య చోటుండాలి. ఇది హోరు."

ఇంకోసారి వాన వెలిశాక కప్పలు అరుస్తుంటే, హోరు అన్న మాట కొత్తగా నేర్చుకున్న హుషారులో "కప్పల హోరు" అన్నాను. అదీ తప్పే. అది రొదట. రొద అంటే చిన్నచిన్న గొంతులు బోలెడు కలిసి బుర్ర తినేది. పెళ్ళింట్లో అయితే సందడి, అదే పెళ్ళిలో కట్నం దగ్గర తేడా వస్తే గోల. ఘోష అనాలంటే లోపల ఏడుపు ఉండాలి. ఉరుము ఉరిమి ఊరుకుంటుంది. హోరుకి మాత్రం గొంతు లేదు, దెబ్బ లేదు, ఏడుపు లేదు. "అది ఎవురి మీదా కోపంతో అరవదురా. దాని పని అది చేసుకుంటా ఉంటది" అనేది. నాకు ఆ వయసులో ఇవన్నీ సణుగుడులాగే అనిపించాయి. ఇప్పుడు టీవీలో ఎవరైనా "డప్పుల హోరు" అంటే చాలు, నాకు తెలీకుండానే నాలుక చప్పరిస్తాను, అచ్చం మామ్మలాగే. మా అమ్మాయి నన్ను ఏడిపిస్తుంది.

మామ్మ చెప్పే ఇంకో మాట, రాత్రయితే గోదారి దగ్గరకొస్తుందని. పగలు దూరంగా ఎక్కడో ఉన్నట్టుండే హోరు, దీపాలార్పి పడుకునేసరికి పెరట్లోకి వచ్చేసేది. నీళ్ళు నిజంగానే గట్టెక్కి వస్తున్నాయేమోనని నాలుగైదేళ్ళ వయసులో దుప్పటి ముసుగేసుకునేవాణ్ణి. తర్వాత ఇంటర్‌లో ఫిజిక్సు లెక్చరరు దీని గుట్టు విప్పారు. పగలు నేల వేడిగా ఉండి పైన గాలి చల్లగా ఉంటుంది, అందుకని శబ్దం పైకి వంగిపోతుంది. రాత్రి నేల చల్లబడి దాని మీది గాలి చల్లగా, ఆ పైన గాలి వెచ్చగా ఉంటే శబ్దం కిందికి వంగి దూరంగా ఉన్నవాడి చెవిలోకి వచ్చి పడుతుంది. దానికి తోడు మిగతా చప్పుళ్ళన్నీ సద్దుమణుగుతాయి. సైన్సు ప్రకారం కూడా మామ్మ మాట తప్పు కాదని తేలి నాకు కాస్త నిరాశే అయ్యింది, ఆవిడ ఒక్కసారైనా పొరపాటు పడితే బాగుండునని ఉండేది.

మా ఎలిమెంటరీ స్కూల్లో ఒక తెలుగు మాస్టారు ఉండేవారు. కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852లో పూర్తిచేశాడు, బ్రౌన్ దొర తెలుగు నిఘంటువు అచ్చయిందీ ఆ 1852లోనే. "ఒకాయన నీళ్ళకి కట్ట కట్టాడు, ఒకాయన మాటలకి కట్ట కట్టాడు" అని ఏటా చెప్పేవారు, అదే గొంతుతో, అదే చోట ఆగి. ఏటా కొత్తగా విన్నట్టే మేమూ ఆశ్చర్యపోయేవాళ్ళం.

ఇక 1986.

అప్పుడు నాకు పదేళ్ళు. ఆగస్టు 15 శుక్రవారం, జెండా ఎగరేసి, చేతిలో తలా రెండు చాక్లెట్లు పెట్టి, తిన్నగా ఇళ్ళకి పొమ్మన్నారు. పాటలు లేవు, పరుగుపందేలు లేవు. అప్పటికే ఊళ్ళో మగాళ్ళందరూ గట్టు మీదే ఉన్నారు. ఇసుక బస్తాలు, పెట్రోమాక్స్ లైట్లు, పలుగులు, పారలు. ఇళ్ళల్లో ఆడవాళ్ళు బియ్యం బస్తాలు అటక ఎక్కించారు, గేదెల్ని విప్పి మెరక మీద కట్టేశారు. నాన్న పొలం కాగితాలు, అమ్మ నగలు ఒక ట్రంకు పెట్టెలో పెట్టి, ఆ పెట్టె నా పక్కన పెట్టి, "నువ్వు దీన్ని చూసుకో" అన్నారు. నాకంత పెద్ద బాధ్యత అదే మొదటిసారి, బాత్రూమ్‌కి కూడా పోకుండా కూర్చున్నాను.

రేడియోలో ప్రాంతీయ వార్తలప్పుడు ఊరు ఊరంతా ఒక్క సెట్టు చుట్టూ మూగేది. భద్రాచలంలో ఎన్ని అడుగులు, అదొక్కటే అందరికీ కావాల్సింది. అక్కడ 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 16వ తారీఖున అక్కడ 75.6 అడుగులకి చేరింది. ఇన్నేళ్ళయినా ఆ లెక్కని ఏ వరదా దాటలేదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల పైన వచ్చింది. క్యూసెక్కులంటే చాలామందికి తలకెక్కదు గానీ, లీటర్లలో చూస్తే సెకనుకి ఇంచుమించు పది కోట్ల లీటర్లు. మీరు ఈ వాక్యం చదివేలోపు ఎంత పోయిందో చూసుకోండి. గేట్లన్నీ పూర్తిగా ఎత్తేశారు, ఇక ఎత్తడానికి ఏమీ మిగల్లేదు.

వారం రోజులుగా హోరు పెరుగుతూనే ఉంది. అది చెవితో వినే స్థాయి దాటి, ఛాతీలో ఏదో తిరుగుతున్నట్టు, అరుగు మీద చెయ్యి ఆనిస్తే అరచేతికి తెలిసేటట్టు ఉండేది. కిటికీ గడియ కొట్టుకోవడం మాని ఒకటే వణుకు. అమ్మ కాగితం కుక్కడం కూడా మానేసింది.

ఆ రాత్రి నేను పెట్టె మీద తల పెట్టుకుని నిద్రపోయాను. ఎన్నింటికో తెలీదు, మామ్మ నులక మంచం మీద లేచి కూర్చుని ఉంది. లాంతరు ఒత్తి తగ్గించి ఉంది, ఆవిడ మొహం సగమే కనపడుతోంది. తల కొంచెం పక్కకి వాల్చి, నోరు కొంచెం తెరిచి వింటోంది. నోరు తెరిస్తే బాగా వినపడుతుందట, అదీ ఆవిడ చెప్పిందే.

"హోరు తగ్గింది" అంది.

నేనూ విన్నాను. నిజంగానే తగ్గింది. ఆ దూకుడు లేదు. ఏదో పెద్ద జంతువు మేత మేస్తున్నట్టు, లోతుగా, మెత్తగా ఉంది. వంటింటి వైపు చూశాను, గడియ కదలడం లేదు.

"తగ్గితే మంచిదేగా మామ్మా?"

"ఏం మంచిది? నీళ్ళు దూకితేనే కదరా హోరు. దూకడానికి చోటు లేకపోతేనో?"

అమ్మని లేపింది. గట్టు మీదకి మనిషిని పంపి నాన్నని పిలిపించింది. నాన్న విసుక్కుంటూ వచ్చారు, మోకాళ్ళ దాకా బురద, రెండు రాత్రుల నిద్ర కళ్ళల్లో. ఇప్పుడేం కొంప మునిగిందని అడిగారు. మునగకముందే లేవమంటున్నాను అంది మామ్మ. ఇద్దరికీ కాసేపు వాదన అయ్యింది. చివరికి ఆ చీకట్లో, వానలో, ట్రంకు పెట్టె నాన్న తల మీద, మామ్మ చెయ్యి నా చేతిలో, వీధి చివర ఉన్న మేడ మీదకి ఎక్కాం. మమ్మల్ని చూసి ఇంకో ఏడెనిమిది కుటుంబాలు ఎక్కాయి. తెల్లవార్లూ ఒకళ్ళ మీద ఒకళ్ళం కూర్చున్నాం, ఎవరో పసిపిల్ల ఏడుస్తూనే ఉంది, హోరు లేకపోవడం వల్ల ఆ ఏడుపు స్పష్టంగా వినపడటం నాకు చాలా వింతగా అనిపించింది.

మా దగ్గర గట్టు తెగలేదు. దిగువన చాలాచోట్ల తెగింది, కోనసీమలో ఊళ్ళకి ఊళ్ళు నీళ్ళల్లో ఉండిపోయాయి. మా వీధిలో మాత్రం ఊట నీరు మోకాలి లోతు చేరింది, అంతే. ఇంట్లో పొయ్యి కరిగిపోయింది, గోడకి తడి మరక పడింది. నాన్న చాలా ఏళ్ళపాటు ఎవరింటికెళ్ళినా "మా అమ్మ హోరు విని మమ్మల్ని మేడెక్కించింది" అని నవ్వుతూ చెప్పేవారు. మామ్మ ఊరుకునేది కాదు. "గట్టు తెగలేదని ఏడుస్తున్నావేంట్రా" అనేది.

ఆవిడకి ఆ లెక్క ఎలా తెలుసో చాలాకాలం నాకు అర్థం కాలేదు. ఆనకట్ట మీద లస్కరుగా, అంటే గేట్ల పని చూసే మనిషిగా, పనిచేసి రిటైరైన బాబాయి ఒకాయన, వరసకి బాబాయి, తర్వాతెప్పుడో అరుగు మీద పుల్లతో గీసి చూపించారు. ఎగువన నీటి మట్టం ఇంత, దిగువన ఇంత. ఈ రెండిటికీ తేడా ఉన్నంతసేపు నీళ్ళు కిందికి దూకుతాయి, దూకి, దిగువ నీళ్ళల్లో పడి తిరగబడి నురగలు కక్కుతాయి. హోరంతా అక్కడ పుట్టేదే. వరద మరీ పెరిగితే దిగువ మట్టం కూడా లేచి ఎగువతో సమానానికి వస్తుంది. అప్పుడు దూకడం ఉండదు, ఆనకట్ట ఉందో లేదో కూడా తెలీనట్టు ఏరు ఒకటే తాడులా సాగిపోతుంది. "అప్పుడు హోరు పడిపోద్దండి, ఆయ్. చూసేవోడికి గోదారి శాంతించినట్టుంటది" అన్నారాయన. పాత ఆనకట్ట రోజుల నుంచీ లంకవాళ్ళకి ఇది తెలుసుట. మామ్మ పుట్టిల్లు లంకలోనే.

ఇంకా కొన్ని హోరులున్నాయి, వరస లేకుండా రాసేస్తాను.

అప్పుడప్పుడు అవతలి ఒడ్డున కొవ్వూరు నుంచి రాజమండ్రికి ప్యాసింజరులో వచ్చేవాళ్ళం. నేల మీద వెళ్తున్నంతసేపూ టకటకా టకటకా, అంటే మామ్మ లెక్కలో మోత. హేవలాక్ వంతెన ఎక్కగానే ఆ టకటక ఒక్కసారి ఎవరో మింగేసినట్టు పోయి, పెట్టెంతా హోరు. కింద మట్టి లేదు, ఇనుము, ఆ కింద ఖాళీ, ఆ కింద నీళ్ళు. అమ్మ చేతిలో పైసలు పెట్టి ఏదో చెప్పేది, పెదాలు కదలడమే కనపడేది. దణ్ణం పెట్టుకోమని అయ్యుంటుంది. 1900లో తెరిచిన ఆ వంతెన మీద 1997లో రైళ్ళు ఆపేశారు. కాలేజీ రోజుల్లో రోడ్డు కం రైలు వంతెన మీద సైకిలు తొక్కుకుంటూ పోతుంటే కింద రైలొచ్చేది. ఆ హోరు చెవికంటే ముందు హ్యాండిల్‌కి తెలిసేది. గంట దానంతట అదే చిన్నగా కింగుమనేది.

హాస్టల్లో పంపు స్టవ్వు హోరు. దాన్ని హోరనడం మామ్మ ఒప్పుకుంటుందో లేదో గానీ, సందు లేకుండా వస్తుంది కాబట్టి పాస్ చేసేశాను. రాత్రి పదకొండింటికి అది ఆగిందంటే అర్థం, ఇంకా తినని వాళ్ళకి కూడు లేదు.

1996 నవంబరు 6న కోనసీమలో మా మేనత్త వాళ్ళ ఊళ్ళో ఇరుక్కుపోయాను. హోరుగాలి అన్న మాట అంతకు ముందు నాకు పుస్తకాల మాటే. ఈదురుగాలి వస్తుంది, చెట్లూపుతుంది, పోతుంది. హోరుగాలి పోదు. పెంకుటిల్లు, పదకొండుమందిమి ఒక గదిలో, తలుపుకి రోలు అడ్డం పెట్టి దాని మీద మావయ్య కూర్చున్నాడు. అర్ధరాత్రి దాటాక గాలి తిరిగింది, అప్పటిదాకా తూర్పు గోడని పట్టుకున్న హోరు వెనక్కి వచ్చి పడమటి గోడని పట్టుకుంది. ఆ రాత్రి నాకు గుర్తున్న విచిత్రం ఏంటంటే, చెట్టు విరిగిన చప్పుడు ఒక్కటి కూడా వినలేదు. పొద్దున్నే తలుపు తీస్తే పెరట్లో ఇరవై రెండు కొబ్బరిచెట్లకి మూడు మిగిలాయి. పందొమ్మిది చెట్లు మా పక్కనే విరిగిపడితే మాకు తెలీలేదు! అత్తయ్య గడపలో కూర్చుని వాటిని లెక్కపెడుతూ ఉండిపోయింది, పందొమ్మిది దగ్గరకొచ్చి మళ్ళీ మొదటి నుంచి.

ఆ తర్వాత కొన్నాళ్ళు పేపర్లో ఆ మాట చూస్తే ఒళ్ళు మండేది. పేపరు వాళ్ళకి హోరు చాలా చవక. ప్రచార హోరు, మైకుల హోరు, నినాదాలతో హోరెత్తించారు, ఈలలతో థియేటర్ హోరెత్తింది. మాటకి మాట అంటుకుని జోరు, హోరు జంటగా శీర్షికల్లో పడుంటాయి. ఇప్పుడు అంత పట్టింపు లేదు. నిజం చెప్పాలంటే ఎన్నికలప్పుడు సందు చివర నాలుగు ఆటోలు నాలుగు పాటలు ఒకేసారి పెడితే ఏ పాటకా పాట వినపడక అన్నీ కలిసి ముద్దయిపోతాయి చూడండి, దానికి హోరు తప్ప ఇంకో మాట లేదు. పోలింగుకి 48 గంటల ముందు అది ఠక్కున ఆగిపోతుంది. ఆగిన సాయంత్రం వీధిలో ఎవరో గిన్నె కడుగుతున్న చప్పుడు వినపడి ఉలిక్కిపడ్డాను ఒకసారి. ఇక హోరాహోరీ అన్న మాటంటే చిన్నప్పుడు రెండు హోరులు ఎదురెదురుగా వచ్చి గుద్దుకోవడం అనుకునేవాణ్ణి, గోదారి ఒక పక్క నుంచి, సముద్రం ఒక పక్క నుంచి. రేడియోలో "హోరాహోరీగా సాగిన మ్యాచ్" అంటే ఆటగాళ్ళు నీళ్ళల్లో తేలుతూ కనపడేవాళ్ళు నాకు.

డాక్టరు గారు అడిగిన రెండో ప్రశ్న, ఏం పని చేస్తారు అని. డేటా సెంటర్లో, పన్నెండేళ్ళుగా. ఆయన తలూపారు, కారణం దొరికినట్టు. వరసలు వరసలుగా సర్వర్లు, ఒక్కోదాంట్లో నాలుగైదు ఫ్యాన్లు, వాటిని చల్లబరచడానికి గోడకి గోడంత ఏసీలు. మొదటి రోజు తలుపు తీసి లోపల అడుగు పెట్టగానే నాకు ఊరెళ్ళినట్టనిపించింది. చెవుల్లో పెట్టుకోవడానికి ప్లగ్గులు ఇచ్చారు, అవి డ్రాయర్లోనే ఉన్నాయి ఇప్పటికీ. ఎందుకు పెట్టుకోలేదంటే ఏం చెప్పను, హోరు నాకు ఇబ్బంది అనిపించలేదు, జోల అనిపించింది. తప్పే, ఒప్పుకుంటున్నాను. ఇంకో సంగతి. ఒకసారి తెల్లవారుజామున మూడింటికి షిఫ్టులో ఉండగా ఒక వరస కరెంటు పోయి, ఆ వైపు హోరు పడిపోయింది. అలారం మోగడానికి ముందే నేను కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాను. పక్కనున్న కుర్రాడు "అన్నా, ఎలా తెలిసింది?" అన్నాడు. మా మామ్మ లేపింది అన్నాను. వాడు ఆ తర్వాత కొన్నాళ్ళు నాతో ఒంటరిగా నైట్ షిఫ్టు చెయ్యలేదు.

మందులేవీ పెద్దగా పనిచెయ్యవు, పూర్తి నిశ్శబ్దంలో ఉంటే ఇంకా ఎక్కువ తెలుస్తుంది, పడుకునేటప్పుడు చిన్నగా ఏదో ఒక శబ్దం పెట్టుకోండి, మెదడు మెల్లగా దీన్ని పట్టించుకోవడం మానేస్తుంది అన్నారు డాక్టరు గారు. బీ విటమిన్ బిళ్ళలు మాత్రం రాశారు. ఆ రాత్రే ఫోన్లో వెతికాను. ఏటి శబ్దం అంటూ ఎనిమిదేసి గంటల వీడియోలు బోలెడు. ఒక్కటీ పనికి రాలేదు. అన్నీ రాళ్ళ మీద గలగల, జలజల. పూసలు దొర్లినట్టు వచ్చే శబ్దాలు కాబట్టి మాట కూడా గల, గల అని పూసపూసగా వస్తుంది. హోరుకి అలా రెండోసారి అనాల్సిన పని లేదు. హో అని నోరు గుండ్రంగా తెరిచి గాలి వదిలితే అదే సాగుతూ పోతుంది. చివరికి సీలింగ్ ఫ్యాను ఐదు మీద పెట్టి పడుకున్నాను.

మూడు వారాలకి జులై వరద. భద్రాచలంలో 71 అడుగులు దాటింది, 1986 తర్వాత అంత ఎత్తు రావడం అదే. ధవళేశ్వరంలో 25 లక్షల క్యూసెక్కులు దాటిపోయింది, 17 లక్షలకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. మామ్మ లేదు, నాన్న లేరు. అమ్మ, అన్నయ్య వాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు. రాత్రి పదింటికి ఫోన్ చేశాను.

"అమ్మా, వంటింటి కిటికీ గడియ కొట్టుకుంటోందా?"

"ఆ కిటికీ ఇంకా ఎక్కడుందిరా? అల్యూమినియంది, పక్కకి జరిపేది పెట్టించాడుగా అన్నయ్య."

"సరే, హోరు ఎలా ఉంది? పెరిగిందా, తగ్గిందా?"

"మీ మామ్మ చెవి నాకెక్కడిది? ఉండు, డాబా మీదకెళ్ళి వినిపిస్తాను, నువ్వే చెప్పు."

మెట్లు ఎక్కుతున్నప్పుడు ఆయాసం వినపడింది, చెప్పుల చప్పుడు వినపడింది, డాబా తలుపు గొళ్ళెం తీసిన చప్పుడు వినపడింది. "ఇదుగో, గోదారి వైపు పెడుతున్నా" అంది. కుడిచెవికి ఫోను గట్టిగా నొక్కి పెట్టుకున్నాను. ఏమీ లేదు. పత్తి కుక్కినట్టు నిశ్శబ్దం. ఈ ఫోన్లు అంతే, మనిషి గొంతు ఒక్కటి ఏరుకుని, సందు లేకుండా వచ్చే శబ్దాన్నంతా చెత్త కింద లెక్కేసి ఊడ్చి పారేస్తాయి. అవతల సెకనుకి ఏడు కోట్ల లీటర్లు పోతుంటే ఇవతలికి ఒక్క చుక్క రాలేదు. ఎడమ చెవిలో మాత్రం నా గోదారి నాకు పోతూనే ఉంది.

"విన్నావా?" అంది అమ్మ.

"ఏం వినపడట్లేదమ్మా."

"ఇంత హోరు వినపడట్లేదా!" అని ఒక్క క్షణం ఆగి, "ఒరే, ఆ డాక్టరు రాసిన బిళ్ళలు సరిగ్గా వేసుకుంటున్నావా అసలు?" అంది.